ఆకు పేరు మోసే పువ్వు

మాఘ ఫాల్గుణాల్లో మోదుగు చెట్టు ఆకు రాల్చి, కొమ్మల నిండా పువ్వే అవుతుంది. అయినా సంస్కృతంలో దాని పేరు పలాశం, అంటే ఆకు. వేదాల్లో దీన్నే పర్ణం అన్నారు. అదీ ఆకే! పువ్వు కొన్నాళ్ల ముచ్చట. కాడకు మూడేసి చొప్పున కాసే వెడల్పాటి ఆకులే విస్తరికి, డొప్పకి పనికొచ్చేవి. పేరు పెట్టినవాళ్ల చూపు అటే పోయినట్టుంది.

పువ్వును చూసి పెట్టిన పేరు కింశుకం. 'కిం శుకః', చిలుకా ఏమిటి? అని విడదీసి చెబుతారు. ఈ వ్యుత్పత్తి పండితులు తర్వాత అల్లిందే కావచ్చు గానీ, పోలిక మాత్రం సరైనదే. ఒక పువ్వు తెంపి చూడండి. రేకులు ఐదు: వెనక్కి వాలిన ధ్వజం ఒకటి, పక్కన బాహువులు రెండు, కలిసిపోయి కొడవలిలా వంగిన ద్రోణులు రెండు. ఆ వంపే చిలుక ముక్కు. కేసరాలు దాని లోపలే ఉంటాయి. తేనె కోసం వచ్చిన తేనెపిట్ట ద్రోణిని నొక్కితే పుప్పొడి దాని ఒంటికి అంటుతుంది. పిట్టలు పువ్వును వెతికేది రంగును బట్టి, వాసనను బట్టి కాదు. అందుకే మోదుగుకు పరిమళం లేదు. చదువు లేనివాణ్ణి వాసన లేని కింశుకంతో పోల్చిన సుభాషితకారుడు పాపం పువ్వుకు అన్యాయమే చేశాడు.

ఇక లాటిన్ పేరు బ్యూటియా. వృక్షశాస్త్రాన్ని ప్రోత్సహించిన, 1762-63లో బ్రిటన్ ప్రధానిగా ఉన్న బ్యూట్ ప్రభువు పేరిది. సామర్లకోటలో మొక్కలను పరిశీలించిన స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దీన్ని బ్యూటియా ఫ్రాండోసా అని వర్ణించాడు. ఫ్రాండోసా అంటే ఆకులు గలది, మళ్లీ ఆకే! కానీ అంతకుముందే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్ దీన్ని బాడిద ప్రజాతిలో (ఎరిత్రినా) చేర్చి ఎరిత్రినా మోనోస్పెర్మా అన్నాడు. ప్రజాతిని చెప్పే మొదటి మాట తప్పినా, రెండో మాట ముందు పెట్టిందే చెల్లుతుందన్న నియమం వల్ల ఇప్పుడిది బ్యూటియా మోనోస్పెర్మా అయింది.

మోనోస్పెర్మా అంటే ఒకే గింజ గలది. కాయ విప్పి చూస్తే, బల్లపరుపు తొడుగు చివరన ఒక్క గింజే ఉంటుంది. మిగతా భాగమంతా రెక్క. ఎండాకాలపు గాలికి అది గిరగిరా తిరుగుతూ పడుతుంది.