చెరువులో కొర్రమట్టలు ఎన్నుండాలి?

హనుమకొండ నుంచి ఒక తల్లి ఇలా అడిగారు: "సార్, మా బాబు ఇంటర్ సెకండియర్. ఆన్‌లైన్‌లో ఏదో రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడుతడు. అందులో రాక్షసులుంటరు, వాటిని చంపాలె, అదీ ఆట. వీడు మాత్రం తోటి ఆటగాళ్లనే, అదీ కొత్తగా వచ్చినోళ్లనే వెతికి వెతికి చంపుతడు. వాళ్లు తిడుతూ మెసేజ్ పెడితే నవ్వుతడు. వీడి బుద్ధి ఎందుకిట్ల తయారైంది?"

అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. మీ అబ్బాయి బుద్ధి సంగతి తప్పకుండా చెబుతాను. దానికంటే ముందు, అలాంటి అబ్బాయిలు ఒక ఆటలో ఎంతమంది ఉంటారు, ఎందుకు అంతమందే ఉంటారు అన్న లెక్క చూద్దాం. ఈ విషయం మొత్తంలో నాకు చాలా ఇష్టమైనది ఆ లెక్కే.

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి 'మడ్' అనే ఆట రాయడం మొదలుపెట్టారు. తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ ఆయనతో చేరి, తర్వాత ఆ పని మొత్తం తన చేతుల్లోకి తీసుకున్నారు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. అయినా ఒకే లోకంలో చాలామంది ఒకేసారి తిరగొచ్చు. పదేళ్లు గడిచాక, 1989 నవంబరులో, బాగా ఆరితేరిన ఆటగాళ్ల మధ్య ఒక వాదన లేచింది: అసలు జనం ఈ ఆటలోకి దేనికోసం వస్తున్నారు? 1990 మే దాకా అది సాగింది. బార్టిల్ ఆ వాదనంతా వడగట్టి, 1996లో ఒక పరిశోధన వ్యాసంగా అచ్చువేశారు.

ఆయన తేల్చినవి నాలుగు రకాలు. ఆటలోని లోకం మీద గెలవాలనుకునేవాళ్లు సాధకులు: పాయింట్లు, లెవెళ్లు, నిధులు వాళ్లకు కావాలి. తోటివాళ్లతో ముచ్చట పెట్టడానికి వచ్చేవాళ్లు స్నేహశీలులు, ఆట వాళ్లకు రచ్చబండ మాత్రమే. తోటివాళ్ల మీద తమ దెబ్బ పడాలనుకునేవాళ్లు వేటగాళ్లు. లోకం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు అన్వేషకులు. ఈ చివరివాళ్లను పక్కన కూర్చుని చూడాలి. మ్యాప్ అంచున ఒక కొండగోడ ఉంటుంది. అక్కడ నిధి లేదు, శత్రువు లేడు. మన అన్వేషకుడు ఆ గోడ మీదికి అరగంటసేపు ఎగురుతూనే ఉంటాడు. ఒకసారి ఎడమ పక్కకు జరిగి, ఒకసారి గుర్రం దిగి, ఒకసారి సరిగ్గా రాయి మొన మీద నిలబడి. కాలు జారి కింద పడతాడు, మళ్లీ లేస్తాడు. చివరికి పైకెక్కితే అక్కడ ఏమీ ఉండదు. వాడు మాత్రం "ఇటునుంచి ఎక్కొచ్చు" అని సంబరపడిపోతాడు.

ఈ నాలుగు పేర్లూ లోకమంతా పాకాయి. ఎర్విన్ ఆండ్రియాసెన్, బ్రాండన్ డౌనీ అనే ఇద్దరు ఒక ప్రశ్నావళి తయారుచేస్తే, దానికి 'బార్టిల్ టెస్ట్' అన్న పేరు స్థిరపడింది. జనం దాన్ని రాశిఫలాలు చదివినట్టు చదువుకున్నారు. "నేను ఎనభై శాతం అన్వేషకుణ్ని" అని చెప్పుకోవడం మొదలైంది. ఇక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉంది. మనిషిని ఒక డబ్బాలో వేసి మూతపెట్టే అలవాటు మన బడుల్లోనూ ఉంది. ఈ పిల్లవాడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్ల విని నేర్చుకునే రకం అని టీచర్ ట్రైనింగుల్లో ఇప్పటికీ చెబుతుంటారు. 2008లో మనస్తత్వ పరిశోధకుడు హెరాల్డ్ పాష్లర్ బృందం ఆ పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, అలా విడదీసి పాఠం చెబితే మేలన్నదానికి సరైన ఆధారం దొరకలేదని తేల్చింది. ఆటల విషయంలో నిక్ యీ అనే పరిశోధకుడు 2006లో 3,000 మంది ఆటగాళ్ల జవాబులను గణాంక పద్ధతిలో విశ్లేషించారు. సాధన కోరికా స్నేహం కోరికా ఒకదానికొకటి అడ్డం రావని తేలింది. ఒకే మనిషిలో రెండూ బలంగా ఉండొచ్చు.

అయితే బార్టిల్ వ్యాసంలో అసలు సరుకు ఆ డబ్బాల్లో లేదు. ఒక రకం పెరిగితే మిగతా రకాలు ఏమవుతాయన్న రెండో భాగంలో ఉంది. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మనకు మాత్రం అది సులువుగా అర్థమవుతుంది, మన జిల్లాలు చెరువుల జిల్లాలు కాబట్టి.

పాకాల, రామప్ప, లక్నవరం నుంచి ఊరి కుంట దాకా ఏ నీళ్లైనా తీసుకోండి. రవ్వ, బొచ్చె పిల్లల్ని వదులుతారు. ఆ నీళ్లలో కొర్రమట్ట ఉంటే వాటిని మింగుతుంది. సాధకులు రవ్వలు, వేటగాళ్లు కొర్రమట్టలు. కొర్రమట్టలు మరీ ఎక్కువైతే పిల్లలన్నీ అయిపోతాయి, ఆ తర్వాత కొర్రమట్టలకే తిండి కరువు. మరి ఒక్కటి కూడా లేకుండా ఏరేస్తే? తిలాపియా లాంటి చేప అడ్డూ అదుపూ లేకుండా పిల్లల్ని పెడుతుంది, మేత చాలక అన్నీ గిడసబారిపోతాయి. అందుకే కొన్ని చోట్ల తిలాపియా చెరువులోకి కావాలనే కొర్రమట్టను వదులుతారు. ఆటలోనూ అంతే. దారిలో ఎవడో దెబ్బతీస్తాడన్న భయం లేకపోతే, నిధిని ఊరికి చేర్చడంలో గొప్పేముంది? వేటగాళ్లను తిట్టుకునే సాధకులు కూడా ఈ సంగతి ఒప్పుకుంటారని బార్టిల్ రాశారు.

ఈ లెక్కకు గణితం కూడా చేపల మార్కెట్లోనే పుట్టింది. 1914-18 యుద్ధం రోజుల్లో ఏడ్రియాటిక్ సముద్రంలో వేట తగ్గింది. అప్పుడు రేవుల్లో అమ్ముడైన చేపల్లో సొరల్లాంటి వేట చేపల వాటా పెరిగిందని ఇటలీ జీవశాస్త్రవేత్త ఉంబెర్తో డాంకోనా గమనించారు. కారణం చెప్పమని గణితవేత్త వీటో వోల్టెరాను అడిగారు. 1926లో వోల్టెరా, వేటాడే చేపలూ వాటికి ఆహారమయ్యే చేపలూ ఎలా పెరిగి తగ్గుతాయో చెప్పే సమీకరణాలు రాశారు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ లోట్కా అంతకు ముందే, విడిగా, వాటినే చేరుకున్నారు. బార్టిల్ తన వ్యాసంలో ఏ రకం పెరిగితే ఏది పెరుగుతుందో, ఏది తగ్గుతుందో బాణం గుర్తులతో చూపి సరిపెట్టారు. ఆ బాణాల్లో ఒక జతను, సాధకులూ వేటగాళ్ల జతను, వోల్టెరా అచ్చులో పోసి చూస్తాను.

నాలుగు సంఖ్యలు కావాలి. వేటగాళ్లే లేకపోతే సాధకులు వారానికి ఏ రేటున పెరుగుతారో అది 'క', 0.2 అనుకుందాం. ఒక్కో వేటగాడి వల్ల సాధకుల్లో వారానికి ఎంత భాగం విసిగి పోతారో అది 'ఖ', 0.01. ఒక్కో సాధకుడు దొరకడం వల్ల వేటగాళ్లు పెరిగే రేటు 'గ', 0.001. వేట దొరక్క వేటగాళ్లు మానేసే రేటు 'ఘ', 0.5. ఇవి నేను ఊహించిన అంకెలే. రెండు వైపులా రాకపోకలు సరితూగే చోట సాధకుల సంఖ్య ఘ భాగించు గ, అంటే 500. వేటగాళ్ల సంఖ్య క భాగించు ఖ, అంటే 20. ఒక్కసారి ఆగి దీన్ని మళ్లీ చూడండి. సాధకుల సంఖ్యను నిర్ణయించే సూత్రంలో సాధకుల పెరుగుదల అసలు లేదు!

ఇప్పుడు కంపెనీ భారీగా ప్రకటనలు ఇచ్చిందనుకోండి. కొత్తవాళ్లు వచ్చే వేగం రెట్టింపై, క 0.4 అయింది. సాధకులు వెయ్యిమంది అవుతారా? కారు. ఆ 500 దగ్గరే ఉంటారు. వేటగాళ్లు 20 నుంచి 40 అవుతారు. వదిలిన చేపపిల్లలన్నీ కొర్రమట్ట కడుపులోకే పోయాయి. ఇంకోటి. ఆటలో మందులు, కవచాలు బాగా పెంచి, దెబ్బతిన్నవాడు విసిగి పోకుండా చూస్తే ఖ సగమవుతుంది. మిగతావి మారకపోతే, వేటగాళ్లు మళ్లీ 40. సాధకులు పెరగాలంటే ఘ పెంచాలి, అంటే వేటగాడికి చంపడం ఖరీదైన పని కావాలి. లేదా గ తగ్గించాలి, అంటే చంపితే వచ్చే లాభం తగ్గాలి. నిజమైన ఆటలో ఇంత నున్నగా ఉండదు. సంఖ్యలు ఈ సమతూకం చుట్టూ అలల్లా ఎక్కి దిగుతుంటాయి. కానీ ఏ మీట నొక్కితే ఏది కదులుతుందో తెలియడానికి ఈ నాలుగు చాలు.

1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ ఆటలో ఇదంతా కళ్లముందే జరిగింది. ఊరి పొలిమేర దాటితే వేటగాళ్లు కాచుకుని ఉండేవాళ్లు. కొత్తవాళ్లు బెదిరి పోయేవాళ్లు. 2000లో కంపెనీ ఆ లోకాన్ని రెండుగా చీల్చింది. ఫెలూకాలో పాత పద్ధతే. ట్రామెల్‌లో ఒప్పుకోకుండా ఎవరూ ఎవరినీ చంపడానికి లేదు. జనం ఎక్కువమంది ట్రామెల్‌కు తరలిపోయారు, ఫెలూకా బోసిపోయింది. భయం పోయి ఆట చప్పబడిందని వాదించే పాత ఆటగాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ జనం ఎటు నడిచారో అదే పెద్ద సాక్ష్యం అని నా అభిప్రాయం.

చేపల పోలిక ఒక చోట తెగిపోతుంది. రవ్వ చెరువు వదిలి వెళ్లలేదు, స్నేహశీలి వెళ్లగలడు. వాడు వచ్చిందే మనుషుల కోసం కాబట్టి, నలుగురు పోతే ఐదోవాడికి అక్కడ పనిలేదు. వేటగాళ్లు కొంచెం పెరిగినా స్నేహశీలులు గుంపులుగా ఖాళీచేస్తారు. వాళ్లు పెరిగితే మాత్రం వాళ్లను చూసి ఇంకా వాళ్లే వస్తారు. బార్టిల్ చెప్పిన స్థిరమైన స్థితుల్లో ఒకటి ఇదే: స్నేహశీలులే నిండిపోయి, మిగతావాళ్ల ప్రభావం అంతగా లేని లోకం. ఇంకొకటి సాధకులూ వేటగాళ్లూ సరితూగే లోకం. మరొకటి నాలుగు రకాల ప్రభావమూ దాదాపు సమానంగా ఉండే లోకం. నాలుగోది, ఆటగాడే మిగలని లోకం.

ఇంకో తేడా ఉంది, అమ్మా, అది మీకోసం. కొర్రమట్ట ఎన్నటికీ రవ్వ కాదు. ఆటగాడు అవుతాడు. ఎక్కువమంది నడిచే దారి ఒకటుందని బార్టిల్ తర్వాతి రచనల్లో చెప్పారు. మొదట ఎదుటివాణ్ని కొట్టి చూస్తారు, ఇక్కడ ఏది చెల్లుతుందో తెలుసుకోవడానికి. తర్వాత లోకాన్ని తవ్వి చూస్తారు, ఆ తర్వాత గెలవాలనుకుంటారు, చివరికి స్నేహాల కోసం ఉండిపోతారు. మీ అబ్బాయి ఆ దారిలో మొదటి మెట్టు మీద ఉండి ఉండవచ్చు. ఆటలో వాడు చేసే పనిని బట్టి వాడి స్వభావం తేల్చేయకండి. వాడు ఏడిపించేది బొమ్మల్ని కాదు, అవతల కూర్చున్న మనుషుల్ని. ఆ మాట మాత్రం వాడితో కూర్చుని మాట్లాడండి, అది మీరు చెప్పాల్సిందే.

ఇక వేటగాళ్లను తగ్గించే మార్గం. మిగతా ఏ రకాన్నీ తగ్గించకుండా వాళ్లను తగ్గించాలంటే, బార్టిల్ చూపిన దారి ఒక్కటే: అన్వేషకులు బాగా పెరగాలి. గోడ మీదికి ఎగిరే ఆ మనిషే! వాడికి ఎవరూ ఊహించని కిటుకులు తెలుసు, కాబట్టి వాడితో పెట్టుకుంటే వేటగాడే దెబ్బతినొచ్చు. ఒకవేళ చచ్చినా వాడు పెద్దగా బాధపడడు. ఎదుటివాడి ఏడుపే కూలిగా పనిచేసే వేటగాడికి అక్కడ కూలి గిట్టదు. అన్వేషకుల్ని పిలిచే పద్ధతి కూడా ప్రకటనలు కాదు. లోకాన్ని ఇంకా లోతుగా కట్టాలి: ఎక్కువ దారులు, ఒకదానితో ఒకటి ముడిపడిన చోట్లు, సగం చెప్పి వదిలేసిన ఆనవాళ్లు.