శాంతి, హక్కుల కోసం పనిచేసే చర్చి బృందం: అపోహలు - వాస్తవాలు

అపోహ: చర్చి పని ప్రార్థన. హక్కులంటూ తిరగడం రాజకీయం.

వాస్తవం: 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో మత స్వేచ్ఛ గురించిన 18వ అధికరణ వెనక చర్చిల ప్రతినిధుల కృషి ఉంది. 1963లో పోప్ 23వ జాన్ తన శాంతి లేఖలో మనిషి హక్కులను ఒక్కొక్కటిగా పేర్కొన్నారు. పార్టీ జెండా, అభ్యర్థి పేరు బృందం దరిదాపుల్లోకి రాకూడదు. ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పడానికి మాత్రం వెనకాడకూడదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు.

అపోహ: బాధితులు చెప్పింది రాసుకుంటే వాంగ్మూలం అయిపోయినట్టే.

వాస్తవం: ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే. ఇద్దరు వెళ్లాలి: ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. కూర్చునేది నలుగురి మధ్య కాదు, విడిగా. మేమెవరం, ఈ కాగితం ఎవరి చేతికి వెళ్తుంది, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయవచ్చు అన్నవి ముందే చెప్పాలి. సమ్మతి మూడుసార్లు విడివిడిగా అడగాలి: కాగితం దాచడానికి, లాయరుకు ఇవ్వడానికి, పేరు బయటపెట్టడానికి. మొదటిదానికి సరేనన్నవాళ్లు మూడోదానికి వద్దనవచ్చు.

"లాఠీతో కొట్టారు కదా?" అని అడగకండి. అది జవాబును నోట్లో పెట్టడమే, కోర్టులో అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. "తర్వాత ఏం జరిగింది?" అనండి, ఆగండి. మౌనాన్ని మాటలతో నింపకండి. కళ్లారా చూసింది వేరు, ఎవరో చెప్పగా విన్నది వేరు. ఏది ఏదో రాతలో తెలియాలి. టైము గుర్తులేకపోతే అప్పటికి పొద్దు వాలిందా, దీపాలు పెట్టారా అని అడగవచ్చు. చివర్లో మొత్తం చదివి వినిపించి, ప్రతి పేజీ మీద, ప్రతి కొట్టివేత పక్కన సంతకం తీసుకోవాలి. కాగితం మీద పేరుకు బదులు నంబరు ఉండాలి. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా వేరేచోట ఉండాలి, ఫోన్లో ఉండకూడదు.

పాస్టరు ఒకసారి, కమిటీ ఒకసారి, విలేకరి ఒకసారి అడిగితే చిన్న చిన్న తేడాలు వస్తాయి. ఆ తేడాలే రేపు సాక్షిని అబద్ధాలకోరుగా నిలబెడతాయి. పైగా అడిగినప్పుడల్లా ఆ మనిషి ఆ రోజులోకి మళ్లీ వెళ్లాల్సి వస్తుంది. అందుకే పూర్తి వాంగ్మూలం ఒక్కసారే.

గాయాలుంటే ముందు డాక్టరు. ఫొటో పగటి వెలుగులో దూరం నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి. కమిలిన మచ్చలు కొన్ని ఆలస్యంగా తేలతాయి కాబట్టి ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ తీయాలి. మెసేజ్ యాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది, తీసిన తేదీ వివరాలు పోవచ్చు. అసలు ఫైలును కదపకుండా దాచండి.

అపోహ: కొవ్వొత్తుల ఊరేగింపులే ఫలితం ఇస్తాయి, కాగితాలతో ఒరిగేదేం లేదు.

వాస్తవం: సైనిక పాలనలో ఉన్న బ్రెజిల్‌లో కార్డినల్ పావులో ఎవరిస్తో ఆర్న్స్, ప్రెస్బిటేరియన్ పాస్టరు జైమీ రైట్ అండతో ఒక బృందం ఏం చేసిందో చూడండి. సైనిక కోర్టు ఫైళ్లను లాయర్లు 24 గంటల పాటు బయటికి తీసుకెళ్లే వీలుండేది. ఆ గడువులోనే ఫొటోకాపీలు తీసి ఫైలు తిరిగిచ్చేవారు. ప్రపంచ చర్చిల మండలి డబ్బు సాయం చేసింది. అలా 707 కేసుల్లో పది లక్షలకు పైగా పేజీలు పోగయ్యాయి, 1985లో వాటి సారం పుస్తకంగా వచ్చింది. తమను ఎలా హింసించారో ఖైదీలు ఆ కోర్టుల్లోనే చెప్పారు, ఆ కోర్టులే రాసుకున్నాయి. కాదనడానికి ప్రభుత్వానికి దారి లేకపోయింది.

అపోహ: ఇద్దరి చేతులూ కలిపి క్షమించమంటే శాంతి వచ్చినట్టే.

వాస్తవం: మన బైబిల్లో శాంతికి వాడిన మాట సమాధానం. ప్రశ్నకు చెప్పేది కూడా సమాధానమే. ఏం జరిగింది, ఎవరు చేశారు అన్నవాటికి జవాబు రాకుండా కుదిర్చిన రాజీ నిలవదు. రెండు వర్గాలతోనూ ముందు విడివిడిగా మాట్లాడాలి. ఇంట్లో భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీని అతని ఎదుట కూర్చోబెట్టి రాజీ చేయనే కూడదు. అక్కడ ఆమె నిజం చెప్పలేకపోతుంది, చెప్తే ఇంటికెళ్లాక మళ్లీ దెబ్బలు పడతాయి. క్షమించడమా కాదా, ఎప్పుడు అన్నది ఆమె ఇష్టం. పెద్దలు గడువు పెట్టేది కాదు.

అపోహ: పాపసంకీర్తనంలో, అంటే మతగురువు దగ్గర రహస్యంగా పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నదాన్ని పేరు తీసేసి వాడుకోవచ్చు.

వాస్తవం: ఏ రూపంలోనూ వాడకూడదు. ఆ మనిషికి ఇష్టమైతే బయట, మరొకరికి, మొదటి నుంచి చెప్పాలి.

అపోహ: దేశంలోని కోర్టులన్నీ అయ్యాకే ఐక్యరాజ్య సమితికి రాయాలి.

వాస్తవం: ఆ నియమం మానవ హక్కుల ఒప్పందాల అమలును చూసే సమితి కమిటీలకు చేసే వ్యక్తిగత ఫిర్యాదులది. సమితి తరఫున ఒక్కో హక్కునో దేశాన్నో పరిశీలించే ప్రత్యేక ప్రతినిధులకు అది లేకుండానే రాయవచ్చు. బాధితులెవరు, ఎవరు చేశారంటున్నారు, తేదీ, చోటు, జరిగిన తీరు, రాస్తున్నవారి వివరాలు ఉండాలి. బాధితుల సమ్మతి తప్పనిసరిగా అడగండి.

అపోహ: చర్చివాళ్లను ఎవరూ ముట్టుకోరు.

వాస్తవం: గ్వాటెమాలాలో బిషప్ హువాన్ హెరార్డి 1998 ఏప్రిల్ 24న అంతర్యుద్ధ కాలపు హత్యల నివేదికను విడుదల చేశారు. 26 రాత్రి ఆయన్ను చంపేశారు. మతగురువు వేసుకునే అంగీ కవచం కాదు. ఒంటరిగా ఎవర్నీ పంపకండి. వెళ్లినవాళ్లు ఫోన్ చేయాల్సిన టైము, అది దాటితే ఎవరు ఎవరికి చెప్పాలో బయల్దేరే ముందే రాసిపెట్టండి. కాగితాల ప్రతులు రెండు చోట్ల ఉంచండి, అందులో ఒకటి చర్చి ప్రాంగణం బయట. నివేదిక వచ్చిన మర్నాడు క్షేమం కనుక్కోవడానికి ఎవరి ఇంటి తలుపు ముందుగా తట్టాలో కూడా ముందే రాసిపెట్టి ఉండాలి: బిషప్‌ది కాదు, సాక్షిది.