ఎండ లెక్కలో మిగిలిపోతున్న ఒక వాటు

సూర్యుడి నుంచి వచ్చే శక్తిని భూగోళమంతా సమానంగా పరిస్తే చదరపు మీటరుకు దాదాపు 340 వాట్లు. అందులో సుమారు 100 వాట్లను మేఘాలు, మంచు, నేల, గాలి వెంటనే తిప్పికొడతాయి. మిగతా 240 వాట్లు పరారుణ కిరణాలుగా, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలుగా, అంతరిక్షంలోకి తిరిగి పోవాలి. పోయినంత కాలం ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. ఇప్పుడు అందులో సుమారు ఒక వాటు పోవడం లేదు.

గాలి వేడిని పట్టి ఉంచుతుందని 1824లోనే ఫ్రాన్స్‌లో ఫూరియే రాశాడు. ఆ పని చేసేవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులని 1859లో టిండాల్ ప్రయోగం చేసి చూపించాడు. చిక్కంతా కొలవడంలోనే. భూమి మీద నిలబడి భూమి ఎంత వెలుగును తిప్పికొడుతోందో చెప్పడం ఎలా? 1917లో బ్రిటన్‌కు చెందిన డైన్స్ వేసిన లెక్కలో వచ్చిన ఎండలో సగం వెనక్కి పోతుంది. 1959లో విస్కాన్సిన్ శాస్త్రవేత్త సువోమీ దీన్ని కొలవడానికి తయారు చేసిన పరికరం ఎక్స్‌ప్లోరర్-7 ఉపగ్రహంతో పైకి వెళ్లింది. తర్వాతి ఉపగ్రహాలతో ఆ వాటా 30 శాతానికి దిగింది. అంటే అనుకున్నదానికంటే భూమి నల్లనిది!

ఈ కథలో సికింద్రాబాద్‌కూ చిన్న చోటుంది. మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన వి.రామనాథన్ కుర్ర ఇంజినీరుగా అక్కడి ఫ్రిజ్‌ల కంపెనీలో గ్యాస్ లీకుల పని చూశారు. అమెరికా వెళ్లాక, ఫ్రిజ్‌లను చల్లబరచడానికి వాడే ఆ సీఎఫ్‌సీ వాయువులు వేడిని విపరీతంగా పట్టేస్తాయని 1975లో లెక్కగట్టారు. 1989లో ఉపగ్రహ కొలతలతో ఇంకో సంగతి తేల్చారు: మేఘాలు వేడిని ఆపుతాయి, ఎండనూ తిప్పికొడతాయి, మొత్తం మీద మాత్రం భూమిని చల్లబరుస్తాయి. 2011లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇండో-ఫ్రెంచ్ ఉపగ్రహం మేఘ-ట్రోపిక్స్‌లోనూ భూమి తిప్పికొట్టే ఎండను, బయటికి పంపే వేడిని కొలిచే పరికరం ఉండేది.

అయినా ఉపగ్రహాలకు ఒక బలహీనత ఉంది. మార్పును బాగా పట్టుకుంటాయి గానీ, 240లో ఒక వాటు తేడాను సొంతంగా ఖాయం చేయలేవు. దానికి సముద్రం కావాల్సి వచ్చింది. మిగిలే వేడిలో దాదాపు 90 శాతం చేరేది అక్కడికే. 2000 మీటర్ల లోతు దాకా మునిగి తేలే ఆర్గో యంత్రాలు ఆ వేడిని కొలుస్తున్నాయి. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి, 2005-2019 మధ్య ఈ మిగులు సుమారు రెట్టింపైందని అమెరికా శాస్త్రవేత్తలు 2021లో ప్రకటించారు.

వేడిని పట్టి ఉంచే గ్రీన్‌హౌస్ వాయువుల పాత్రపై పేచీ లేదు. మేఘాల దగ్గరే వాదన. అవి తిప్పికొట్టే ఎండ తగ్గింది. వేడెక్కిన సముద్రాల వల్లనా, 2020 నుంచి ఓడల ఇంధనంలో గంధకానికి కోత పెట్టి, మేఘాలను మరింత తెల్లగా చేసే పొగను శుభ్రం చేయడం వల్లనా అన్నదాంట్లో ఎవరి వాటా ఎంతో ఇంకా తేలలేదు.