పాలు పొంగే ముందు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీలో చిన్నది నన్నొక మాట అడిగింది: "తాతయ్యా, హోంవర్కు దగ్గర అమ్మ నన్ను బాగా కోప్పడింది. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి తనే ఏడ్చింది. ఎందుకు?" ఆ పూట నాకు జవాబు తోచలేదు. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను.

పొయ్యి మీద పాలు కాగుతుంటే ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? అదే మంట మీద నీళ్ళు తెర్లుతాయే గాని పాలలాగా ఒక్కసారిగా గిన్నె దాటి రావు. ఆవుపాలలో నూటికి 87 పాళ్ళు నీళ్ళే అయినా, వేడెక్కేకొద్దీ పాల మీద మీగడ పలుచని తెరలా కడుతుంది గనుక, అడుగున పుట్టిన ఆవిరి బయటికి పోయే దారి లేక ఆ తెరనే నెత్తిన పెట్టుకుని పైకి లేస్తుంది. గరిటెతో కలుపుతూ ఉంటే తెర చెదిరి ఆవిరి పోతుంది.

మనసులోని దిగులూ అలసటా భయమూ అలాగే కాగుతుంటాయి. "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అనే మాటే మీగడ తెర. కోపం ముంచుకొచ్చేటప్పుడు మన మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదలగానే గుండె దడదడలాడుతుంది. అదే అంచున లేచే మొదటి బుడగ. అప్పుడు ఊపిరిని మెల్లగా, పొడుగ్గా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, అంటే మంట తగ్గించామన్నమాట. లోపలి బాధను మాటగా బయటికి చెప్పడం గరిటె పెట్టి కలపడం.

మా చిన్నప్పుడు అమ్మ దాలిలో పిడకల నిప్పు మీద పాలకుండ పెట్టేది. సన్నని సెగకు పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి మందంగా మీగడ కట్టేవి. అవి పొంగడం నేనెరుగను. ఒకనాడు చుట్టాలొచ్చారని కట్టెల పొయ్యి మీద పాలు పెట్టి, నన్ను చూస్తూ ఉండమంది. నేను గోలీల ధ్యాసలో పడ్డాను. పాలన్నీ పొయ్యిపాలయ్యాయి, నా వీపు మీద దెబ్బ పడింది. ఆ రాత్రి పెరుగన్నం ముద్దలు కలిపి నా చేతిలో పెడుతూ అమ్మ, "నీ మీద కాదురా నా కోపం. గేదె ఒట్టిపోతోంది, రేపటి నుంచి పాలెక్కడివి అని నా దిగులు" అంది. దెబ్బ మంట అప్పుడు పోయింది. పెద్దలు పిల్లలకు ఇలా చెప్పుకోవడం చిన్నతనం కాదని, ఈ ఉత్తరం చదివే మీ అమ్మానాన్నలకు కూడా చెబుతున్నాను.

కాబట్టి చిట్టితల్లీ, అమ్మ మంట నీ లెక్కల పుస్తకం కింద మొదలై ఉండకపోవచ్చు. అది ఎక్కడ రాజుకుందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను.

రేపు పొద్దున్నే లేచి అమ్మ పక్కన నిలబడి, గిన్నెలో మొదటి బుడగ ఏ అంచున లేస్తుందో చూడండి. పాలు దించాక, "అమ్మా, ఆ రోజు నీకేం దిగులు?" అని అడగండి. ఆవిడ ఏమందో నాకు రాయండి.

మీ తాతయ్య