బయట 46 డిగ్రీలు, లోపల 110: స్పోర్ట్స్ కారుకు ఏ ఆయిల్ పోయాలి?

మే నెలలో రామగుండం 45 డిగ్రీలు దాటిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ ఎండే ఉత్తర తెలంగాణ వర్క్‌షాపుల్లో ఒక సిద్ధాంతాన్ని పుట్టించింది: మన దగ్గర తిరిగే బండికి చిక్కటి ఆయిలే పోయాలి. "గీ జీరో డబ్ల్యూ ఆయిల్ మంచు దేశపోళ్లకు జేసిందన్నా. మరీ పల్చగుంటది. మన ఎండలకు ఫార్టీయో ఫిఫ్టీయో పొయ్యాలె, లేకుంటే బేరింగులు పోతయ్" అని హన్మకొండలో మెకానిక్ చెబితే కాదనే ధైర్యం చాలామందికి ఉండదు. పాత జీపుకో, ట్రాక్టరుకో ఆ మాట చాలావరకు చెల్లింది కూడా. చిక్కొచ్చేది స్పోర్ట్స్ కారు దగ్గర. కరీంనగర్‌లోనో, వరంగల్ హంటర్ రోడ్డు వైపో ఏ సెల్లార్‌లోనైనా ఒక ఫోర్డ్ మస్టాంగ్ కనిపిస్తే, దాని ఇంజిన్ విలువ ఊళ్లో ఒక ప్లాటు ధరతో పోటీపడుతుంది. దానికి పోసే ఆయిల్‌ను ఆకాశం చూసి ఎంచుకోవడం సరైన పనేనా?

ముందు లెక్క చూద్దాం. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను థర్మోస్టాట్ 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతుంది. మామూలు నడకలో సంపులో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. రేస్ ట్రాక్ మీద ఎడాపెడా తోలితే 130 కూడా దాటుతుంది. తిరిగే షాఫ్టును మోసే బేరింగు లోపల, భారమంతా మోస్తున్న ఆ సన్నటి పొరలో వేడి ఇంకా ఎక్కువ. అంటే ఇంజిన్ లోపలి ఆయిల్‌కు మన వడగాలి కూడా చల్లగాలే. ఎండకు అసలు పాత్రే లేదని కాదు. ఆయిల్ కూలర్ వేడిని వదిలించుకునే శక్తి ఆయిల్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఆయిల్ 110 దగ్గరుంటే, 20 డిగ్రీల గాలిలో ఆ తేడా 90, 45 డిగ్రీల గాలిలో 65. కూలర్ పనితనం నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. ఇంజిన్‌ను గంటల తరబడి పిండితే ఈ లోటు బయటపడుతుంది. హైదరాబాద్ రోడ్డు మీద వందలో పోతుంటే మాత్రం బయటపడదు. 400 హార్స్‌పవర్ దాటిన కారుకు ఆ వేగంలో కావలసింది మహా అయితే 25, 30 హార్స్‌పవర్. తక్కిన గుర్రాలన్నీ నిద్రలోనే ఉంటాయి.

ఆయిల్ ఇంజిన్‌ను ఎలా కాపాడుతుందో తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. ఆ రహస్యం మొదట బయటపడింది రైలు బేరింగు దగ్గర. కాజీపేట లోకో షెడ్డు చూస్తూ పెరిగినవాళ్లకు ఈ కథ నచ్చుతుందనుకుంటాను. 1883లో ఇంగ్లండ్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. నూనె పోద్దామని బేరింగు పైభాగంలో రంధ్రం చేశాడు. ఇరుసు తిరగడం మొదలవగానే నూనె లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రంలోంచి పైకి తన్నుకొచ్చింది. బిరడా పెడితే ఎగిరిపోయింది, చెక్క మేకు దిగ్గొడితే అదీ బయటికొచ్చింది. చివరికి అక్కడ ప్రెషర్ గేజ్ బిగిస్తే, బేరింగు మీద పడుతున్న సగటు ఒత్తిడికి రెట్టింపు చూపించింది. అంటే ఇరుసు బేరింగును తాకడమే లేదు, నూనె మీద తేలుతోంది. మూడేళ్ల తర్వాత, 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం కట్టాడు. ఇవాళ ఏ కారు క్రాంక్‌షాఫ్ట్ బేరింగునైనా లెక్కించేది ఆయన సమీకరణంతోనే.

వానాకాలంలో ములుగు రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు వేగంగా వచ్చిన బైకు టైరు రోడ్డును వదిలి నీటి పొర మీద తేలి జారుతుంది. బేరింగులో జరిగేదీ అచ్చం అదే భౌతికశాస్త్రం. రోడ్డు మీద అది ప్రాణాంతకం, ఇంజిన్‌లో అదే ప్రాణం. తిరిగే షాఫ్టు ఆయిల్‌ను ఇరుకు సందులోకి లాక్కుపోతుంది, ఆ ఇరుకులో ఒత్తిడి పుట్టి షాఫ్టును లేపుతుంది. వేగం పెరిగితే పొర మందమవుతుంది, ఆయిల్ చిక్కదనం పెరిగినా అంతే. భారం పెరిగితే పలచబడుతుంది. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య వదిలే సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు అటూఇటూ ఉంటుంది. బాగా భారం పడ్డ చోట ఆయిల్ పొర ఒకటి రెండు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దిగుతుంది.

ఇక డబ్బా మీది అంకెలు. 5డబ్ల్యూ-30లో రెండో అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనాన్ని చెబుతుంది. దాన్ని కొలిచేది సెంటీస్టోక్స్‌లో, అంకె పెరిగితే ఆయిల్ చిక్కన. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్, 40 అంటే 12.5 నుంచి 16.3, 60 అంటే 21.9 నుంచి 26.1. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పే పరీక్షది. 0డబ్ల్యూను మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర. ఆదిలాబాద్ చలి ఎంత కొరికినా మైనస్ మాట రాదు కదా, మనకు సున్నాతో పనేముందని మెకానిక్ అడిగే ప్రశ్న ఇక్కడినుంచే వస్తుంది.

పనుంది. 0డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర దాదాపు 13 సెంటీస్టోక్స్ ఉంటుందనుకోండి. వరంగల్‌లో జనవరి పొద్దున 15 డిగ్రీలున్నప్పుడు అదే ఆయిల్ 200 దాటుతుంది, అంటే పదిహేను రెట్లకు పైనే. మే నెల తెల్లవారుజామున, గాలి 30 డిగ్రీలున్నప్పుడు కూడా ఎనిమిది రెట్లుంటుంది. తాళం తిప్పిన క్షణంలో ఇంజిన్‌కు అన్ని కాలాలూ చలికాలాలే. పలచగా మొదలయ్యే ఆయిల్ పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టుల దాకా, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో దాకా త్వరగా చేరుతుంది. ఆయిల్ ఎంత పలచనిదైనా చల్లటి ఇంజిన్‌లో అది మరీ పలచగా ఉందనే పరిస్థితి మన దగ్గర రాదు. కాబట్టి మొదటి అంకె తక్కువుంటే భయపడాల్సిందేమీ లేదు. చూసుకోవలసింది రెండోదే.

దానికీ హద్దుంది. అవసరానికి మించి చిక్కటి ఆయిల్ పోస్తే డ్యాష్‌బోర్డులో ప్రెషర్ ముల్లు పైకి లేస్తుంది, యజమాని మురిసిపోతాడు. ప్రెషర్ వేరు, ఆయిల్ పారే వేగం వేరు. సన్న దారుల్లోంచి చిక్కటి ఆయిల్ పోలేకపోతేనే ప్రెషర్ పెరుగుతుంది. ఒక హద్దు దాటాక రిలీఫ్ వాల్వు తెరుచుకుని, బేరింగులకు పోవలసిన ఆయిల్‌లో కొంత వెనక్కి మళ్లుతుంది. చిక్కటి ఆయిల్ పొరలు ఒకదానిమీద ఒకటి రాసుకోవడంలో అదే ఎక్కువ వేడిని పుట్టిస్తుంది. ఈ తరం ఇంజిన్లలో వాల్వు టైమింగ్‌ను ముందుకూ వెనక్కూ జరిపేది కూడా ఆయిల్ ఒత్తిడే. ఆ జరుగుడు కంప్యూటర్ అనుకున్న వేగంలో జరగకపోతే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది.

మరి రేసు కార్లలో చిక్కటిది ఎందుకు పోస్తారు? ఇందాకటి 13 సెంటీస్టోక్స్ ఆయిల్ 130 డిగ్రీలకు చేరితే ఏడున్నర దగ్గరికి పడిపోతుంది. 100 డిగ్రీల దగ్గర 20 గ్రేడు ఆయిల్ ఉండేదీ అంతే. ట్రాక్ ఇంజిన్‌కు 50, 60 గ్రేడులిచ్చేది ఆ వేడిలో కూడా తగినంత పొర మిగలాలని. ఒకే కుటుంబానికి చెందిన 5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌కు, అమెరికాలో అమ్మిన మామూలు మస్టాంగ్ జీటీలో ఫోర్డ్ ఏళ్ల తరబడి 5డబ్ల్యూ-20 చెప్పింది, ట్రాక్ కోసం తయారుచేసిన 2012 బాస్ 302లో 5డబ్ల్యూ-50 చెప్పింది. నిస్సాన్ జీటీ-ఆర్‌కు 0డబ్ల్యూ-40. 2000 దశకంలో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3కి 10డబ్ల్యూ-60. టయోటా 86కు 0డబ్ల్యూ-20. అన్నీ స్పోర్ట్స్ కార్లే, ఒక్కదానికొకటి పొంతన లేదు. సందులెంత, బేరింగు వెడల్పెంత, కూలరుందా, ఎన్ని చుట్లు తిరుగుతుంది, ఎలా తోలతారు అన్నవి కలిసి ఆ అంకెను తేలుస్తాయి. "స్పోర్ట్స్ కారు ఆయిల్" అని ప్రత్యేకంగా ఒకటుందనుకోవడమే తప్పు. మనవాళ్లు కారును చెన్నై పక్కనున్న ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకుపోతే 50 గురించి మాట్లాడుకోవచ్చు, అదీ మాన్యువల్ ఒప్పుకుంటేనే. కాజీపేట ఫ్లైఓవర్ ఎక్కి దిగడానికి అక్కర్లేదు. హైదరాబాద్‌కు 2023 ఫిబ్రవరిలో రేసొచ్చింది గానీ, అది ఫార్ములా ఈ, కరెంటు కార్ల రేసు. ఆ కార్లకు ఇంజినే లేదు, ఇక ఆయిల్ గోలెక్కడిది!

గ్రేడు తర్వాత ఆయిల్ దేనితో చేశారన్నది వస్తుంది. ఇక్కడ నాకు ఆముదం గుర్తొస్తుంది. మన ఊళ్లలో వరిగడ్డి మసిలో ఆముదం కలిపి బండి ఇరుసుకు కందెన పెట్టేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో నోమ్, లె రోన్ రోటరీ ఇంజిన్ల విమానాలు ఎగిరిందీ ఆముదంతోనే, తొలినాటి రేసు కార్లూ దాన్నే తాగాయి. ఆముదంలో దాదాపు 90 శాతం ఉండే రిసినోలిక్ ఆమ్లానికి ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. దానివల్ల అణువు లోహాన్ని అంటిపెట్టుకుంటుంది. పెట్రోల్‌లో సులువుగా కరగకపోవడం ఇంకో గుణం. దోషమల్లా వేడికి జిగురై పిస్టన్ రింగులను పట్టేయడం. ఇప్పుడు ఖరీదైన సింథటిక్ ఆయిళ్లలో వాడే ఎస్టర్లకూ లోహాన్ని పట్టుకునే ఆ గుణముంది, జిగురయ్యే దోషం మాత్రం చాలా తక్కువ. వాటితోపాటు పాలీఆల్ఫాఓలెఫిన్లు అనే మరో రకం ఉంటుంది, అణువులన్నీ దాదాపు ఒకే కొలతలో ఉంటాయి గనుక వేడికి త్వరగా ఆవిరవదు. టర్బో ఉన్న కారుకు ఇది చాలా ముఖ్యం. నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరిగే ఆ షాఫ్టు దగ్గర నాసిరకం ఆయిల్ మాడి బొగ్గవుతుంది. గట్టిగా తోలి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్‌ను ఊరికే తిరగనిచ్చి ఆపే పాత అలవాటు ఇప్పటికీ మంచిదే.

ఆయిల్ షాపులో వాడే మాటల్లో చాలామంది పట్టించుకోనిది ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే నాణ్యత అక్షరాలు. 2020 మేలో ఎస్‌పీ అనే తరగతి వచ్చింది. దానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి చిన్న టర్బో ఇంజిన్ల జబ్బు. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్‌ను తక్కువ చుట్లలో ఎక్కువ భారంతో, అంటే నాలుగో గేరులో ఈడ్చుకుంటూ పోతే, స్పార్కుకు ముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌ను పగలగొట్టొచ్చు. ఆయిల్‌లో మురికిని కడిగే కాల్షియం డిటర్జెంటు ఎక్కువుంటే ఈ ముప్పు పెరుగుతుందని తేలింది, అందుకే కొంత మెగ్నీషియంకు మారారు. లారీలకు, ట్రాక్టర్లకు, సింగరేణి డంపర్లకు నప్పే 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్‌ను అదే డ్రమ్ములోంచి తీసి టర్బో పెట్రోల్ కారుకు పోయడంలో ప్రమాదం ఇదే. చిక్కదనం మాత్రమే కాదు, రసాయనమూ వేరు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు, ఆ డ్రమ్ము కొన్నిచోట్ల సర్వరోగ నివారిణి అయి కూర్చుంది. అలాగే "రేసింగ్" అని రాసుండే ఆయిళ్లలో జింకు, ఫాస్ఫరస్ ఎక్కువుంటాయి. అవి క్యామ్ లోబులను కాపాడతాయి గానీ, రోజూ తిరిగే కారులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మెల్లగా చంపేస్తాయి.

కాబట్టి డబ్బా కొనేముందు వెతకాల్సింది మాన్యువల్‌లో కంపెనీ ఇచ్చిన ఆమోద సంఖ్య. పోర్షెకు ఏ40, బీఎండబ్ల్యూకు లాంగ్‌లైఫ్-01, మెర్సిడెస్‌కు 229.5 వంటివి. ఆ సంఖ్య వెనక ఇంజిన్‌ను గంటల తరబడి నడిపి, విప్పి, అరుగుదల కొలిచిన పరీక్షలుంటాయి. మీ మోడలుకు, తయారైన ఏడాదికి ఏది వర్తిస్తుందో చూసుకోండి. డబ్బా వెనక ఆ సంఖ్య ఉండాలి, "అన్ని కార్లకూ సరిపోతుంది" అన్న రాత చాలదు. నకిలీ డబ్బాల బెడద ఉంది గనుక కంపెనీ డీలరు దగ్గర బిల్లుతో కొనడం, ఖాళీ డబ్బాకు బొక్క పెట్టి పారేయడం రెండూ అవసరమే.

మన దగ్గర స్పోర్ట్స్ కారును నిజంగా పాడుచేసేది ఎండ కన్నా విశ్రాంతి. పెళ్లికో పండక్కో బయటికి తీసి, సుబేదారి నుంచి హన్మకొండ చౌరస్తా దాకా తిప్పి, మళ్లీ కవరు కప్పేస్తారు. అంత దూరంలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. మండకుండా జారిన పెట్రోలూ, మండినప్పుడు పుట్టిన నీరూ ఆవిరైపోకుండా సంపులో చేరతాయి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఉండే ఇథనాల్‌కు నీటిని పట్టి ఉంచే గుణం ఎక్కువ. అందుకే కిలోమీటర్లు వెయ్యి కూడా తిరగకపోయినా ఏడాదికోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. తీసినప్పుడల్లా ఓ అరగంట హైవే మీద తోలాలి. మార్చేవాళ్లు ఒకటి గమనించాలి: డ్రై సంప్ ఉన్న కార్లలో ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది కాబట్టి, చాలావాటిలో ఇంజిన్ వేడిగా తిరుగుతుండగానే మట్టం చూడాలి. చల్లారాక చూసి తక్కువుందని అర లీటరు కలిపితే అది ఎక్కువైపోయి నురగ కడుతుంది. నురగలో ఉన్న గాలి బేరింగును మోయలేదు.