అద్దానికి ఆనించిన వేట ఫోటోలు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఇరవై రెండేళ్లుగా పాత ఫోటోలకు పటాలు కడుతున్నాను. జమీందారుల వేట బృందాలు, గుర్రపు స్వారీలు, తోటల్లో దొరల టీ విందులు ఉన్న పాతకాలపు ఫోటోలతో హాలు అలంకరించుకోవాలన్న ముచ్చట ఇక్కడి తెలుగు ఇళ్లలో బాగా పెరిగింది. ముచ్చట మంచిదే. అయితే ఫోటోను అద్దానికి గట్టిగా అదిమి బిగిస్తే గాలీ దుమ్మూ చొరబడవని, వందేళ్లు చెక్కుచెదరదని నమ్మి నష్టపోయినవారు నా దగ్గరకు వస్తూనే ఉన్నారు.

ఇంతకంటే పెద్ద అపోహ మరొకటి లేదు. పాత నలుపు తెలుపు ప్రింట్లలో చాలావాటికి బొమ్మ ఉండేది కాగితం మీద కాదు, దానిపైనున్న పలుచని జెలటిన్ పొరలో. ఆ పొర తేమను పీల్చుకుని ఉబ్బి జిగురుగా మారుతుంది, ఆరేటప్పుడు ఎదురుగా ఉన్న అద్దాన్ని కరచుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఏడాది పొడవునా సముద్రపు గాలి ఉన్న మన ఊళ్లో ఇది జరగడానికి ఎంతో కాలం పట్టదు.

కిందటి కార్తికంలో మైలాపూరు నుంచి ఒక పెద్దావిడ తమ తాతగారి వేట ఫోటో తెచ్చారు. గుడారం ముందు తుపాకులతో పదకొండు మంది నిలబడి ఉన్నారు. తాతగారి తలపాగా దగ్గర రూపాయి బిళ్లంత మేర నూనె మరకలా మెరుస్తోంది. అది అద్దానికి అంటుకున్న చోటు. ఇంట్లో ఎవరో ఒక మూల లాగి చూసినప్పుడు చివరి మనిషి ముఖం అద్దం మీదే ఉండిపోయింది. "మెల్లగా ఊడదీయలేవా నాయనా?" అని ఆవిడ అడిగారు. "లాగవద్దమ్మా, ముందు అద్దంతో సహా స్కాన్ చేద్దాం" అన్నాను. మిగిలిన పది ముఖాలూ అలాగే దక్కాయి.

కిటికీలా కోసిన, ఆమ్లం లేని నూలు అట్టను ఫోటో చుట్టూ మౌంటుగా పెట్టి, ఫోటోకూ అద్దానికీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరైనా ఎడం ఉంచమని పటం కట్టేవారితో పట్టుబట్టి చెప్పండి. వెనుక ప్లైవుడ్ వద్దు. చెమ్మ దిగే గోడ అసలే వద్దు. వీలైతే గోడకు నకలు తగిలించి అసలును పెట్టెలో దాచుకోండి.

గోధుమ రంగులో ఉన్నదల్లా అసలు ప్రింటు కాదు. 1902లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర చంపిన పులితో అప్పటి వైస్రాయి కర్జన్ దంపతులు దిగిన ఫోటోను అసలుదని నమ్మి కొన్న ఒకాయన నాకు చూపించారు. భూతద్దం కింద రంగు చుక్కలు స్పష్టంగా కనిపించాయి, అంటే అది యంత్రం మీద అచ్చు వేసిన నకలే.

వేట ఫోటో గోడకు తగిలిస్తే అటవీ శాఖవారు వస్తారన్న పుకారుకు భయపడి కొందరు ఫోటోలనే చింపేస్తున్నారు, దయచేసి ఆ పని చేయకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం యాజమాన్య ధ్రువపత్రం ఉండవలసినది పులి చర్మానికి, గోడకు బిగించిన తలకాయకు, ఫోటోకు కాదు. అటువంటివి ఇంట్లో ఉండి పత్రం కనబడకపోతే మాత్రం ముందుగా న్యాయవాదిని కలవండి.