పసుపు ఛాయ, వంకర అంచు, పాత వజ్రం

నూటయాభై ఏళ్ల కిందటి వజ్రపు ఉంగరాన్ని ఇవాళ్టి గ్రేడింగ్ పద్ధతిలో పరీక్షిస్తే దాదాపు ప్రతి గడిలోనూ మార్కులు తగ్గుతాయి. రాయి పూర్తి గుండ్రమూ కాదు, పూర్తి చదరమూ కాదు. పైనున్న చదును పలక చిన్నది. దాని గుండా లోపలికి చూస్తే నడిమధ్యన చిల్లు పడ్డట్టు ఒక చుక్క కనిపిస్తుంది. తెల్ల కాగితం మీద పెడితే లేత పసుపు ఛాయ తెలుస్తుంది. భూతద్దం కింద ఒక నల్లటి నలుసో, ఈకలాంటి పగులో బయటపడుతుంది. అయినా ఏ మచ్చా లేని కొత్త రాయిని పక్కన పెట్టి చూపించినా, ఈ పాతదాన్నే కోరుకునేవాళ్లు చాలామంది.

దీన్ని ఒట్టి పాతకాలపు మోజు అని కొట్టిపారేయడం సరికాదు. ఆ ఇష్టానికి భౌతికశాస్త్రంలోనే గట్టి కారణాలున్నాయి. పైగా లోపాలని మనం ఒకే గాటన కట్టేస్తున్నవి ఒకే రకం కావు. కొన్ని భూగర్భంలో ఏర్పడినవి, కొన్ని సాన పట్టిన చేతివి, కొన్ని ఉంగరం తొడుక్కున్నవాళ్ల వాడకం వల్ల వచ్చినవి.

ముందు చేతి సంగతి. ముడి వజ్రం చాలాసార్లు అష్టఫలకంగా దొరుకుతుంది, అంటే రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించిన ఆకారం. దాన్ని అడ్డంగా కోయగల మర రంపాలు వచ్చింది 1900 ప్రాంతంలో. అంతకుముందు పనివాడికి ఉన్న దారులు ముఖ్యంగా రెండు: స్ఫటికం సహజంగా చీలే దిశ చూసి చీల్చడం, లేదంటే ఓపిగ్గా అరగదీయడం. వజ్రాన్ని అరగదీయడానికి మళ్లీ వజ్రమే కావాలి. వజ్రపు గట్టిదనం అన్ని దిశల్లో ఒకేలా ఉండకపోవడం వల్లే ఇది సాధ్యమైంది. నూనెలో కలిపిన వజ్రపు పొడిని ఇనుప చక్రానికి పూసి తిప్పితే, ఆ రేణువులు ఎటుపడితే అటు తిరిగి ఉంటాయి కాబట్టి వాటిలో కొన్ని తమ గట్టి దిశతో రాయిలోని మెత్తని దిశను తాకుతాయి. అక్కడ రాయి అరుగుతుంది.

పొడిగా పోయిన ప్రతి రవ్వా నష్టమే. 1720ల వరకు ప్రపంచానికి వజ్రాలు ముఖ్యంగా భారతదేశం నుంచి, ఆ తర్వాత బ్రెజిల్ నుంచి వచ్చేవి. దక్షిణాఫ్రికాలో 1867లో వజ్రం దొరికి, అక్కడి గనులు తెరుచుకునేదాకా ముడి రాయి అరుదైన సరుకే. అందుకే పనివాడు బరువును కాపాడుకుంటూ, ముడి రాయి ఆకారాన్ని వీలైనంత వదలకుండా సాన పట్టేవాడు. ‘ఓల్డ్ మైన్ కట్’ అనే ఆ రాళ్లు మూలలు తిరిగిన చదరంలా, ఎత్తైన తలతో, లోతైన అడుగుతో ఉండటానికి కారణం ఇదే. అంచును తీర్చడానికి రెండు వజ్రాలను కర్రలకు బిగించి ఒకదానితో ఒకటి రాపాడించేవారు. 1870ల్లో బోస్టన్‌లోని హెన్రీ మోర్స్ కార్ఖానాలో ఈ పనికి యంత్రం వచ్చింది. ఆ తర్వాత గుండ్రటి ‘ఓల్డ్ యూరోపియన్ కట్’ సులువై, బాగా వ్యాపించింది.

ఇప్పుడు వెలుతురు దగ్గరికి వద్దాం. పాత రాయికీ కొత్త రాయికీ పలకల సంఖ్యలో తేడా దాదాపు లేదు. రెండింటికీ 57 లేదా 58 పలకలే. తేడా అంతా కొలతల్లో ఉంది. వజ్రంలోకి దూరిన కాంతి లోపలి గోడను సుమారు 24.4 డిగ్రీల కంటే ఎక్కువ వాలుగా తాకితే బయటికి పోలేక పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. ఈ కోణం ఇంత చిన్నది కావడం వల్లే వజ్రం అంతలా మెరుస్తుంది. బెల్జియంకు చెందిన మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో దీన్ని లెక్కగట్టి, తలభాగం వాలు 34.5 డిగ్రీలు, అడుగుభాగం వాలు 40.75 డిగ్రీలు ఉంటే మెరుపూ రంగులూ చక్కగా సమతూకంలో ఉంటాయని చూపించాడు. ఈనాటి గుండ్రటి వజ్రానికి మూలం ఆ లెక్కే.

పాత రాళ్లు ఆ లెక్కకు లొంగవు. నడిమధ్యన కనిపించే చుక్కనే చూడండి. మొన విరిగిపోకుండా పనివాడు అడుగున కావాలనే చిన్న పలక కొట్టేవాడు. అది పై పలకకు సమాంతరంగా ఉంటుంది. నిటారుగా వచ్చిన కాంతికి అక్కడ వెనక్కి మళ్లే కోణం దొరకదు, నేరుగా బయటికి జారిపోతుంది. మనకు చిల్లులా కనిపించేది అదే. కాంతి లెక్కలో అది నష్టమే. కానీ అదే రాయికి ఎత్తైన తల, చిన్న పై పలక, చుట్టూ ఏటవాలు పలకలు ఉన్నాయి. ఏటవాలు పలకల నుంచి బయటికొచ్చే కాంతి ఎక్కువగా వంగుతుంది, ఆ వంపులో ఎరుపు, నారింజ, నీలం విడిపోతాయి. పాత రాయిలో ప్రతిబింబాల ముక్కలు పెద్దవి కాబట్టి ఒక్కో రంగు తునక కంటికి విడిగా తెలిసేంత పెద్దదిగా ఉంటుంది. కొత్త రాయిలో ముక్కలు చిన్నవి, ఎక్కువ. అవి చకచకా మినుకుమంటాయి, దూరం నుంచి చూస్తే రంగులు కలిసిపోయి తెల్లగా తోస్తాయి.

ఆ పాత రాయి పుట్టింది కొవ్వొత్తుల కాలంలో. చీకటి గదిలో నాలుగైదు చిన్న మంటలు, వాటి ముందు కదిలే చేయి. అలాంటి చోట పెద్ద పలకలు ఒక్కొక్కటిగా వెలిగి ఆరుతాయి. పైగా కొవ్వొత్తి వెలుగే పసుపు కాబట్టి రాయిలోని పసుపు ఛాయ అసలు కంటికి ఆనదు. తెల్లటి దీపాలు నిండిన గదిలో పెట్టి ఆ వజ్రం తక్కువగా మెరుస్తోందని తీర్పు చెప్పడం దానికి అన్యాయం చేయడమే.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఆ పసుపు ఛాయ. వజ్రం భూమి లోపల, సాధారణంగా 150 నుంచి 200 కిలోమీటర్ల లోతులో పెరిగేటప్పుడు కార్బన్ పరమాణువుల చోట అక్కడక్కడ నైట్రోజన్ పరమాణువులు చేరతాయి. మొదట అవి ఒంటరిగా ఉంటాయి. ఆ వేడిలో కోట్ల ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిగా జరిగి జంటలవుతాయి. ఇంకా కాలం గడిస్తే పరమాణువు లేని ఒక ఖాళీ చుట్టూ నాలుగేసి గుమిగూడతాయి. సహజ వజ్రాల్లో నూటికి 95కు పైగా ఇలా నైట్రోజన్ గుంపులున్నవే. జంటలూ, నాలుగేసి గుంపులూ రాయికి రంగు ఇవ్వవు. కానీ ఈ ప్రక్రియలో మూడేసి నైట్రోజన్లు ఒక ఖాళీని చుట్టుకున్న గుంపులు కూడా కొన్ని పుడతాయి. అవి 415 నానోమీటర్ల దగ్గర ఊదారంగు కాంతిని మింగేస్తాయి. ఊదా తగ్గిన తెలుపు మన కంటికి లేత పసుపు. అదే గుంపుకు అతినీలలోహిత కాంతి తగిలితే నీలంగా వెలుగుతుంది. అందుకే ఎండలో కొన్ని పాత రాళ్ల పసుపు తగ్గినట్టు అనిపిస్తుంది. పసుపు ఛాయకూ, దాన్ని కప్పే నీలి వెలుగుకూ కారణం ఆ ఒక్క గుంపే.

ఆ ఛాయ రావడానికి పట్టేంత కాలాన్ని ప్రయోగశాల వజ్రం గడపదు. కొన్ని వారాల్లో పెంచిన రాయిలో నైట్రోజన్ ఉంటే చాలావరకు ఒంటరి పరమాణువులుగానే ఉంటుంది. సహజ వజ్రాన్ని గుర్తించే కొన్ని పరికరాలు సరిగ్గా ఆ 415 నానోమీటర్ల దగ్గర కాంతి మింగిన గుర్తు ఉందా లేదా అనే వెతుకుతాయి. గ్రేడింగ్ పత్రంలో మార్కులు తగ్గించిన రంగే ఇక్కడ సాక్ష్యమవుతోంది. ఆకారం మాత్రం అంత నమ్మదగిన సాక్ష్యం కాదు. ఈ రోజుల్లో కొత్త రాళ్లనూ, ప్రయోగశాల రాళ్లనూ పాత పద్ధతిలో సాన పట్టి అమ్ముతున్నారు. రాయి నిజంగా పాతదా అని చూడాలంటే రాయి చుట్టూ తిరిగే నడుం అంచు నునుపు చేయకుండా ఉండటం, పలకల కలయికల దగ్గర అరుగుదల, చేతిపని వంకర, అప్పటి లోహపు పనితనం, ఇవన్నీ కలిపి చూడాలి.

నలుసుల విషయానికొస్తే, వాటికి భూగర్భ శాస్త్రవేత్తలు ఇచ్చే విలువ వేరు. వజ్రం అంతా కార్బనే అయినా దాని వయసును కార్బన్‌తో లెక్కించలేం. 5,730 ఏళ్లకు సగమయ్యే కార్బన్-14 వందల కోట్ల ఏళ్ల రాయికి ఏమాత్రం పనికిరాదు. లోపల చిక్కుకున్న సల్ఫైడ్ (గంధకం కలిసిన ఖనిజం) నలుసులో రీనియం అనే మూలకం ఎంతమేరకు ఆస్మియం అనే మరో మూలకంగా మారిందో కొలిచి వయసు చెబుతారు. ఏ మచ్చా లేని వజ్రం తన వయసు ఇలా చెప్పుకోలేదు. స్టీవెన్ షైరీ, స్టీఫెన్ రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్తలు 2011లో ఇలాంటి నలుసుల సమాచారాన్ని కలిపి చూస్తే, సముద్రపు అడుగు శిలలు లోపలికి దిగి మారితే ఏర్పడే ఎక్లోగైట్ రకం ఖనిజాలు సుమారు 300 కోట్ల ఏళ్ల కిందటి నుంచి ఇటువైపు ఏర్పడిన వజ్రాల్లోనే కనిపించాయి. భూఫలకాలు ఒకదాని కిందికి మరొకటి దిగి ఖండాలు కలిసి విడిపోయే చక్రం అప్పుడే మొదలైందని వాళ్లు తేల్చారు. 2014లో బ్రెజిల్‌లోని జుయినా ప్రాంతపు వజ్రంలో, భూమి లోపల చాలా లోతున మాత్రమే ఏర్పడే రింగ్‌వుడైట్ అనే ఖనిజం దొరికింది. అందులో బరువులో దాదాపు 1.5 శాతం నీరు ఉంది. అంత లోతున నీరు దాగి ఉందనడానికి చేతికందిన నమూనా అది.

లోపాలు తుడిచేస్తే ఏం పోతుందో తెలియాలంటే కోహినూర్‌ను చూడాలి. 1851లో లండన్ ప్రదర్శనలో పెట్టినప్పుడు మెరుపు చాలడం లేదని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాది తిరిగి సాన పట్టించారు. సుమారు 191 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు దిగింది. మెరుపు పెరిగింది, పాత రూపం మాత్రం మళ్లీ రాకుండా పోయింది. మన కాలంలోనే విట్టెల్స్‌బాఖ్ అనే నీలి వజ్రానికీ ఇదే జరిగింది. 2008లో అమ్ముడయ్యాక నడుం అంచున పెచ్చులూడిన గుర్తులు పోయేలా మళ్లీ సాన పడితే 35.56 నుంచి 31.06 క్యారెట్లకు తగ్గింది. గ్రేడు పెరిగింది. 17వ శతాబ్దపు చేతిపనిని చెరిపేశారని మ్యూజియం నిపుణులు తప్పుపట్టారు. నేనూ వాళ్ల పక్షమే. నాలుగున్నర క్యారెట్ల బరువు పోవడం చిన్న సంగతి, ఆ పలకలను కొట్టిన చేతి గుర్తు పోవడం పెద్ద సంగతి.

అలాగని ప్రతి లోపాన్నీ ముద్దుచేయకూడదు. వజ్రం ఎంత గట్టిదైనా నాలుగు దిశల్లో తేలిగ్గా చీలుతుంది. లోపల ఎక్కడో ఉన్న నలుసు వల్ల భయం లేదు. కానీ నడుం అంచుకు తాకిన పగులు ఒక గట్టి దెబ్బకే పెచ్చుగా లేవొచ్చు. పాత ఉంగరాల్లో రాయికంటే ముందు అలిసిపోయేది లోహం. రాయిని పట్టుకున్న కొక్కేలు అరిగి పల్చబడతాయి, వాటిని కంసాలితో చూపించుకుని బలం చేయించాలి. వెనక మూసేసిన 18వ శతాబ్దపు పొదుగుళ్లలో మెరుపు కోసం రాయి కింద పల్చటి లోహపు రేకు పెట్టేవారు. లోపలికి తడి చేరితే రేకు మసకబారి రాయి నల్లబడుతుంది. అలాంటి ఉంగరాన్ని చేతులు కడిగేముందే తీసేయాలి, పొడి మెత్తటి గుడ్డతోనే తుడవాలి. వెనక తెరిచి ఉన్నదైతే గోరువెచ్చని సబ్బునీళ్లూ మెత్తటి బ్రష్షూ చాలు. పగులున్న రాయిని మాత్రం ధ్వని తరంగాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయొద్దు.